ఎర్రగుండె పిట్ట మీద గీతలు

"తువ్వాలేదోయ్?" అని బాత్రూంలోంచి మొగుడి కేక వినపడేసరికి ఆమె కుంచె కాగితంమీది పిట్ట గుండె మధ్యలో ఉంది. తువ్వాలు ఎక్కడుంటుంది? పదహారేళ్ళుగా ఎక్కడుంటోందో అక్కడే, తలుపు వెనక కొక్కేనికి. "కొక్కేనికి చూడండి" అంటే "కనపళ్ళేదు, నువ్వొచ్చి ఇవ్వు" అన్నాడు. వెళ్ళింది. ఆయన ముక్కుకి జానెడు దూరంలో ఉన్న తువ్వాలు తీసి ఆయన చేతికే ఇచ్చి వచ్చింది. వచ్చేసరికి రంగు ఆరిపోయింది.

నీటిరంగులతో వచ్చిన చిక్కే అది. ఫోన్లో వీడియోలు పెట్టి నేర్పే పంతులమ్మ మొదటిరోజే చెప్పింది: "గుండె భాగం తడిమీద మొదలుపెట్టి తడిమీదే ముగించాలి తల్లీ. పావుగంట పని. మధ్యలో ఆగావా, ఆగినచోట గీత పడుతుంది. ఎంత కడిగినా పోదు." క్రిస్మస్ పండగ కార్డుల మీద వేసే పిట్ట అది. గుప్పెడంత ఒళ్ళు, ఎర్రటి గుండె, మెడకి పచ్చ రిబ్బను, ముక్కున పళ్ళ రెమ్మ. బొమ్మలు వేసే పుస్తకంలో పన్నెండు కాగితాలు. ఇది పదకొండోది. దీనికీ గీత పడింది.

సరదాకి పట్టిన కుంచె కాదిది. రెండు నెలల కింద, ఆఫీసులో ఫోన్లెత్తే సీట్లోంచి లేచి ఇంటికి బయల్దేరిన మనిషి మెట్లమీద కూర్చుండిపోయింది. నొప్పి లేదు, ఏడుపు లేదు. లేవమంటే కాళ్ళు వినలేదు, అంతే. డాక్టరమ్మ చీటీలో మాత్రల పేర్లు రాసి, అడుగున ఒక లైను రాసింది: రోజూ ఒక గంట, తన కోసం. మందుల షాపులో మొగుడు ఆ చీటీ ఇచ్చి, "ఆ ఆఖరుది ఏ కంపెనీదో, స్టాకుందా?" అన్నాడు. షాపువాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుకుంటూనే రోడ్డు దాటుతోంది, ఎదురుగా లారీ వస్తోంది, పక్కకి తప్పుకోవాలని మాత్రం అనిపించలేదు. ఆయనే చెయ్యిపట్టి లాగి "కళ్ళు నెత్తికెక్కాయా?" అన్నాడు. నెత్తికెక్కలేదు. లారీని బాగానే చూసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం పదకొండు పిట్టల్నీ మంచంమీద పరిచింది. అత్తగారు కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చి, "ఇవేం పిట్టలే అమ్మాయ్, ఒళ్ళంతా గీతలు! ఎవరో బెత్తంతో కొట్టినట్టున్నాయి" అంది. ఆవిడ వెక్కిరించలేదు, చూసిందే అంది. ఆ మాటతో ఆమె ఒక్కో గీతమీదా వేలు పెట్టి చూసింది. ఏ గీత ఎవరిదో తెలుస్తోంది మరి. ఈ మందపాటిది అత్తగారి వేణ్ణీళ్ళు. ఈ వంకరది కూతురి "అమ్మా, నా కెమిస్ట్రీ నోట్సేదీ?" ఈ రెండూ సెలవురోజు మేనేజరు ఫోను, "ఒక్క నిమిషం మేడమ్" అంటూ అరగంట తిన్నది. ఈ కొత్తది తువ్వాలు. పిలిచినవాళ్ళందరికీ పని అయిపోయింది, మర్చిపోయారు. పిట్టకే గీత మిగిలింది.

మొగుడు గుమ్మంలోంచే తొంగిచూసి, "ఒక్క కాగితమేనా మిగిలింది? హమ్మయ్య. దాంతో ఈ పిచ్చి సరి. సింకు నిండా గిన్నెలు, ఇంటి నిండా పిట్టలు!" అని నవ్వుతూ పోయాడు. అంటే ఆ ఒక్క కాగితం అయిపోతే ఆ గంట కూడా అయిపోయినట్టే. మళ్ళీ ఆ మెట్లే. మళ్ళీ ఆ రోడ్డే.

పావుగంట. ఒక్క పావుగంట ఎవరూ పిలవని చోటు ఈ ఇంట్లో ఎక్కడుంది? పడగ్గది గొళ్ళెం ఊడి నాలుగేళ్ళయింది. బిగించమంటే "మనింట్లో మనకి గొళ్ళెమెందుకే, దాచుకునేదేముంది?" అన్నాడు. లోపల గొళ్ళెమున్నది ఒక్క బాత్రూంకే.

ఆదివారం పొద్దున్న ఆఖరి కాగితం బిగించిన అట్ట, రంగులు, కుంచె పట్టుకుని అందులోకి వెళ్ళి గొళ్ళెం పెట్టుకుంది. బకెట్టు బోర్లించి కూర్చుంది. కాగితం తడిపింది. ఎర్రరంగు ముంచి మెడకింద పెట్టిందో లేదో,

"అమ్మా! ఇస్త్రీ చేశావా?"

కుంచె ఆగలేదు.

"అమ్మాయ్, వేణ్ణీళ్ళే."

అయినా తడి అంచుని వదలకుండా కిందికి లాక్కొచ్చింది.

తలుపు దబదబా మోగింది. "ఏమోయ్! పడిపోయావా ఏంటి? నాకు అర్జెంటు!"

"పడిపోలేదు."

"మరేం చేస్తున్నావ్?"

"తడి ఆరలేదు. ఆగండి."

"ఏం తడి? ఎంతసేపు?"

ఆమె కుంచె మళ్ళీ రంగులో ముంచింది. పదహారేళ్ళలో ఆయన ప్రశ్న ఒకటి జవాబు లేకుండా తలుపు అవతలే ఉండిపోవడం అదే మొదటిసారి. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే కాగితంమీద పడకుండా మొహం పక్కకి తిప్పుకుని, పొట్టదాకా రంగు దించి, కుంచె ఎత్తింది.

తలుపు తీసేసరికి ముగ్గురూ వరసగా నిలబడి ఉన్నారు. "పిట్ట కోసమా! బాత్రూంలోనా!" అంటూనే మొగుడు లోపలికి దూరాడు. కూతురు నోరు తెరిచి చూస్తోంది. అత్తగారు అట్ట అందుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతుర్లో చాలాసేపు చూసింది. గుండెమీద ఎక్కడా గీత లేదు. "దీన్నెవరూ కొట్టలేదు" అంది, తనలో తను అనుకుంటున్నట్టు.

ఆమె చెప్పులేసుకుంది. సింకులో గిన్నెలు అలాగే ఉన్నాయి. వీధి చివర ఇనుపసామాన్ల కొట్లో ముసలాయన పేపరు మడిచి లేచాడు.

"పడగ్గదికి గొళ్ళెం కావాలి."

"తలుపుకి బయట పెట్టేదా అమ్మా, లోపలా?"

"లోపల."

"బిగించడానికి సార్ ఉంటారా, మనిషిని పంపనా?"

"స్క్రూడ్రైవర్ కూడా ఇవ్వండి" అంది.