ఏడాది కారులో అమ్మమ్మ

మా ఇంటి ముందు పాత కారు ఆగి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. మా వీధిలో ఎవరింటి ముందూ చూడలేదు. జర్మనీలో మా ఊరు డాగెర్స్‌హైమ్‌లో సగంమంది మగవాళ్లు పొద్దున్నే జిండెల్‌ఫింగెన్ కార్ల ఫ్యాక్టరీకి పోయేవాళ్లు. ఎక్కడ పని అని అడిగితే మెర్సిడెస్ అనరు. "డైమ్లర్ దగ్గర" అంటారు, ఆయన పక్కవీధిలో ఉండే పెద్దమనిషి అయినట్టు. ఆ డైమ్లర్ తన పనివాళ్లకు కొత్త కారు కాస్త ధర తగ్గించి ఇస్తాడు. దాన్ని ఏడాదిపాటు నడుపుకుని, బయటివాళ్లకు అమ్మేసి, మళ్లీ కొత్తది తెచ్చుకుంటారు. దాన్నే ఏడాది కారు అంటాం.

కారు ఎంత కొత్తగా ఉంటే కొనేవాళ్లు అంత తొందరగా దొరుకుతారు. అందుకని మా కారులో ఎవరూ బిస్కెట్టు తినకూడదు. తడి గొడుగు పెట్టకూడదు. మంచు కురిసి రోడ్డుమీద ఉప్పు చల్లిన రోజుల్లో నాన్న కారు షెడ్డులోనే ఉంచి బస్సులో పనికి పోయేవాడు. అమ్మకు ఎర్ర కారంటే ఇష్టం. వచ్చేవి మాత్రం ఎప్పుడూ వెండిరంగువే.

"ఎర్రది ఎవరు కొంటారు?" అనేవాడు నాన్న.

"నేను" అనేది అమ్మ.

"నువ్వు కాదు, కొనేవాళ్ల సంగతి."

నాన్న పేరు రైన్‌హోల్ట్. సీట్ల విభాగంలో పని. కుట్టిన తోలును సీటుమీద లాగి, ముడత లేకుండా బిగించడం ఆయన చేతి పని. ఎవరింటికి వెళ్లినా ముందు వాళ్ల కుర్చీ అంచు తడిమి చూసేవాడు. కార్ల గురించి ఆయన చెప్పే కథలన్నీ చివరకు తోలు దగ్గరకే వచ్చేవి. బెర్తా బెంజ్ కథ కూడా అంతే. ఆ కథ మా వైపు బడిలోనే చెప్తారు. మొగుడు కారు కనిపెట్టి, దాన్ని ఎవరూ కొనక, దిగులుగా కూచుని ఉంటే, ఆవిడ ఒక తెల్లవారుజామున ఇద్దరు కొడుకుల్నీ లేపి, ఆయన నిద్రలో ఉండగానే ఆ బండి తోలుకుని పుట్టింటికి బయల్దేరింది. అంత దూరం అలాంటి బండిమీద అంతకు ముందు ఎవరూ పోలేదు. ఇంధనం అయిపోతే మందుల దుకాణంలో కొన్నది. బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది.

"చూశావా, తోలు!" అనేవాడు నాన్న. "మా పని ఆ రోజే మొదలైంది."

"నీకు తోలే గుర్తుంటుంది" అంది అమ్మ ఒకసారి, పప్పు గిన్నె ఆయన ముందుకు జరుపుతూ. "ఆవిడ ఎక్కడికి పోయిందో గుర్తుండదు. మీ డైమ్లర్, మీ బెంజ్, మీ కారుమీది నక్షత్రం, అన్నిటికీ మొదలు ఒక ఆడది వాళ్లమ్మను చూడ్డానికి పోవడం. మా అమ్మను నువ్వు ఏ కారులో తిప్పావయ్యా?"

నాన్న నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

అమ్మమ్మ పేరు ఓక్కా. ఊరు ఉత్తరాన, సముద్రం పొంగి రాకుండా వేసిన కట్ట పక్కన. మేం ఎప్పుడూ రైల్లోనే వెళ్లేవాళ్లం. అంత దూరం తోలితే కారు తిరిగిన కిలోమీటర్ల లెక్క ఎక్కడికో పోతుందనీ, ఉప్పుగాలికి రంగు దెబ్బతింటుందనీ నాన్న భయం. అమ్మమ్మ మాత్రం ప్రతి ఆదివారం ఫోన్ చేసి కారు సంగతే అడిగేది.

"ఈసారి ఏ రంగే మారైకె?"

"వెండిరంగే అమ్మమ్మా."

"పోయినేడూ వెండే కదే! మీ నాన్నకి వేరే రంగు డబ్బా దొరకలేదా?"

అమ్మమ్మకు ఆ కారుమీద మోజు ఎందుకో మా అందరికీ తెలుసు. పెళ్లికి ముందు ఆవిడ పెద్ద రైతు ఇంట్లో పనిమనిషి. ఆ ఊరు మొత్తానికీ ముందు నక్షత్రం గుర్తు ఉన్న మెర్సిడెస్ కారు ఆ ఇంట్లోనే ఉండేది, నల్లది. అది వస్తుంటే మగవాళ్లు టోపీ తీసేవాళ్లు. శనివారం శనివారం దాన్ని కడిగి, ఆ నక్షత్రాన్ని మెత్తటి గుడ్డతో తళతళలాడేదాకా రుద్దడం అమ్మమ్మ పని. "ఎన్నిసార్లు తుడిచానో! ఒక్కసారీ కూచోలేదు" అనేది. ఏడుస్తూ కాదు, నవ్వుతూనే. ఆ మాటకు నాన్న ఎప్పుడూ ఉత్సాహపడేవాడు. "కూచోబెడతాను అత్తయ్యా. నేను బిగించిన సీటుమీదే కూచోబెడతాను. వచ్చే కారులో" అనేవాడు.

వచ్చే కారు వచ్చేది, పోయేది.

ఒక చలికాలం అమ్మమ్మ కాళ్లు బాగా వాచాయి. ఇంక ఎక్కువ దూరం నడవలేదని డాక్టరు అమ్మతో అన్నాడు. ఆ రాత్రి అమ్మ ఏమీ అడగలేదు. నాన్నే అన్నాడు, "మే నెలలో వెళ్దాం. కారులో."

అమ్మ వెళ్లి ఆయన భుజంమీద తల పెట్టింది. అలా పెట్టగా నేను చూసింది తక్కువ.

కానీ ఆ కారును ట్యూబింగెన్‌లో పశువుల డాక్టరు ఒకాయన అప్పటికే మాట్లాడుకున్నాడు. జూన్‌లో వచ్చి తీసుకుపోతాడు. నాన్న మందపాటి ప్లాస్టిక్ పట్టా కొనుక్కొచ్చి, వెనక సీటు కొలత తీసి, కత్తిరించి, తోలు బిగించినంత శ్రద్ధగా బిగించాడు. కాళ్ల దగ్గర పాత పేపర్లు పరిచాడు. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. లోపలికి వెళ్లింది.

దారిలో మేం శాండ్‌విచ్‌లు కారు దిగి, నిలబడి తిన్నాం. ఊరు ఇంకాస్త దూరం ఉందనగా నాన్న ఒక పెట్రోలు బంకు దగ్గర ఆపి కారు కడిగించాడు. నక్షత్రాన్ని తన చేతిరుమాలుతో తుడిచాడు. ఆయన ముఖం పెళ్లికొడుకు ముఖంలా ఉంది.

అమ్మమ్మ గేటు దగ్గరే ఉంది. చర్చికి వేసుకునే నల్ల గౌను, టోపీ, మెడ దగ్గర వెండి పిన్ను. చేతిలో సోంపు బిస్కెట్ల డబ్బా. పక్కింటి ఫ్రౌకె కంచెమీద మోచేతులు ఆనించి చూస్తోంది.

"ఓక్కా, చివరకు వచ్చాడే నీ అల్లుడు! నేను చచ్చేలోగా చూస్తానో లేదో అనుకున్నా" అంది ఫ్రౌకె.

"నువ్వు చావవు. నా కారు చూసి కుళ్లుకోవాలిగా" అంది అమ్మమ్మ.

నాన్న దొరల డ్రైవరులా వంగి వెనక తలుపు తెరిచాడు. అమ్మమ్మ ఒక చేత్తో గౌను పట్టుకుని లోపలికి వంగింది. అక్కడే ఆగింది.

"ఇది ఎవరికి నాయనా?" అంది, ప్లాస్టిక్‌ను వేలితో చూపిస్తూ.

"మీకు కాదత్తయ్యా. కొనేవాళ్లకి. జూన్‌లో వస్తారు" అన్నాడు నాన్న.

"ఓహో. దీనికి వేరే దొర ఉన్నాడన్నమాట."

నాన్న నవ్వాడు. జోకు అనుకున్నాడు. అమ్మమ్మ కూచుంది. ప్లాస్టిక్ కరకరమంది. ఆవిడ పాదాలు పేపరు అంచు దాటకుండా దగ్గరగా పెట్టుకుంది. బిస్కెట్ల డబ్బా ఒళ్లో పెట్టుకుంది, మూత తీయలేదు. నేను పక్కనే ఉన్నాను. ఆవిడ వీపు సీటుకు ఆనలేదు.

ఊరి వీధిలో నాన్న మెల్లగా నడిపాడు, అందరూ చూసేటట్టు. తర్వాత కట్ట వెంబడి రోడ్డు ఎక్కాం. ఒక పక్క గొర్రెలు, ఇంకో పక్క నీళ్లు వెనక్కి పోయి బురద తేలిన సముద్రం. నాన్న చెప్తూనే ఉన్నాడు. నక్షత్రానికి మూడు కొమ్ములెందుకంటే, నేల, నీరు, గాలి మూడింట్లోనూ తన ఇంజన్లు తిరగాలని ముసలి డైమ్లర్ కోరుకున్నాడట. మెర్సిడెస్ అంటే ఒక చిన్నపిల్ల పేరట, ఆ పిల్ల తండ్రి ముద్దుచేసి తాను అమ్మే కార్లకు పెట్టుకున్న పేరు.

"ఆ అంచు చూడండత్తయ్యా, పక్కన కుట్టు. అది నేను లాగి బిగించిందే."

అమ్మమ్మ వేలు పెట్టి రాసింది. "ప్లాస్టిక్ మీంచి తెలీట్లేదు నాయనా" అంది నెమ్మదిగా.

నాన్న వినిపించుకున్నాడో లేదో. "రేవు దాకా పోదాం, అక్కడ మీకు చేపముక్క పెట్టిన రొట్టె కొనిపెడతా. కారు బయటే తిందాం" అన్నాడు.

"వద్దులే. ఇంటికి తిప్పు. చాలు."

దిగేటప్పుడు ఎండకి ఆవిడ కాళ్ల వెనక ప్లాస్టిక్ అతుక్కుని, చిరిగిన చప్పుడుతో ఊడింది. "ఎలా ఉందే?" అని ఫ్రౌకె కంచె దగ్గర్నుంచి అరిచింది. "బాగుంది. చాలా శుభ్రంగా ఉంది" అంది అమ్మమ్మ.

తిరుగు ప్రయాణంలో నాన్న దారంతా ఈల వేశాడు. "చూశావా వీబ్కె, ఆనందంతో మాట కూడా రాలేదు మీ అమ్మకి" అన్నాడు. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూచుంది.

జూన్‌లో పశువుల డాక్టరు వచ్చాడు. నాన్న ప్లాస్టిక్ తీసేసి, తోలుకు నూనె రాసి ఉంచాడు. డాక్టరు వెంట ఒక పెద్ద గోధుమరంగు కుక్క ఉంది. వాగులో పడి లేచి వచ్చింది కాబోలు, ఒళ్లంతా నీళ్లు. తలుపు తెరవగానే అది ఎగిరి వెనక సీటెక్కి, ఒకసారి దులపరించుకుని, వీపు ఆనించి పడుకుంది.

"అయ్యో, అయ్యో, తోలు!" అన్నాడు నాన్న.

"ఉండనివ్వండి సార్" అని డాక్టరు నవ్వాడు. "దానికోసమేగా కొంటున్నది. ముందుసీట్లో పెడితే నా ముఖం నాకుతుంది."

కారు వీధి మలుపు తిరిగేదాకా నాన్న అక్కడే నిలబడ్డాడు. తర్వాత షెడ్డులోకి వెళ్లాడు. చాలాసేపు రాలేదు. భోజనం దగ్గర స్పూను పట్టుకుని అలాగే కూచున్నాడు.

"వీబ్కె, మీ అమ్మ... ఆ రోజు వెనక్కి ఆనుకోలేదు కదూ?"

"లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"అద్దంలో నీకు కనిపిస్తూనే ఉంది రైన్‌హోల్ట్" అంది అమ్మ. కోపంగా అనలేదు. అనేసి గిన్నెలు తీసింది.

సెప్టెంబరులో నాన్న సెలవు పెట్టాడు. కొత్త కారు అప్పుడే వచ్చింది. దానికి ప్లాస్టిక్ వేయలేదు, పేపర్లు పరచలేదు. దారిలో మమ్మల్ని కారులోనే తినమన్నాడు. నేను రొట్టె ముక్కలు ఒళ్లో పడకుండా తింటుంటే, "పడనీవే" అన్నాడు విసుగ్గా. పెట్రోలు బంకు దగ్గర ఆపలేదు. పురుగులూ దుమ్మూ పట్టిన కారుతోనే అమ్మమ్మ గేటు ముందు ఆగాడు.

అమ్మమ్మ ఇంట్లో వేసుకునే గౌనుతో వచ్చింది. నాన్నను చూసి నిజంగానే సంతోషపడింది. టీ పెట్టింది. కప్పులో కలకండ వేసి, టీ పోసి, మీగడ వదిలింది. కలకండ చిటపటమంటుంటే నాన్న రెండు కప్పులు తాగి గొంతు సవరించుకున్నాడు.

"అత్తయ్యా, పదండి, రేవు దాకా వెళ్దాం. ఈసారి సీటుమీద ఏమీ లేదు."

"చూశాను నాయనా, కిటికీలోంచి. అందంగా ఉంది. మంచి పనితనం."

"కూచోండి మరి, ఒక్కసారి."

"కూచున్నాగా పోయినసారి. తీరిపోయింది."

"అది కూచోడం కాదత్తయ్యా. నాదే తప్పు. నేను..."

అమ్మమ్మ తన కప్పులో స్పూను నిలబెట్టింది. ఆ ప్రాంతంలో అలా పెడితే ఇంక పోయవద్దని అర్థం. పెట్టాక ఎవరూ బలవంతపెట్టరు. నాన్నకు అది తెలుసు.

"డాక్టరు రోజూ కాస్త నడవమన్నాడు" అంది అమ్మమ్మ, నాన్న ముఖం చూసి జాలిపడినట్టు. "నాతో నడుద్దువుగాని రా. నా సంచి పట్టుకో."

నలుగురం కట్ట వెంబడి నడిచాం. కారు గేటు దగ్గరే ఉండిపోయింది. అమ్మమ్మ నాన్న మోచెయ్యి పట్టుకుని, గొర్రెల గురించీ, ఫ్రౌకె మోకాళ్ల గురించీ చెప్తూ నడిచింది. ఆవిడ కొంచెం కూడా బిగుసుకుని లేదు. అది చూస్తున్నకొద్దీ నాన్న ముఖం ఇంకా చిన్నబోయింది. రేవు కనపడేసరికి ఆవిడకు ఆయాసం వచ్చింది.

"ఇక్కడే ఉండండి, పరుగెత్తుకెళ్లి కారు తెస్తాను" అన్నాడు నాన్న.

"ఎందుకయ్యా అంత శ్రమ" అని అమ్మమ్మ రోడ్డువైపు చూసింది. రేవు నుంచి చేపలమ్మే హిన్రిక్ వ్యాను వస్తోంది. ఆవిడ చెయ్యెత్తింది. వ్యాను ఆగింది.

"ఓక్కా పిన్నీ, ఎక్కడికి? లోపల అంతా పొలుసులు, కంపు" అన్నాడు హిన్రిక్.

"బట్టలు ఉతుక్కుంటే పోతాయిలేరా. ఆ బుట్ట కాస్త జరుపు."

హిన్రిక్ రొయ్యల బుట్ట కాలితో తోశాడు. అమ్మమ్మ మొదట మోకాలు పెట్టి, తర్వాత నడుం పెట్టి, మూలుగుతూ, నవ్వుతూ ఎక్కి కూచుంది. హిన్రిక్ ఏదో అన్నాడు. ఆవిడ పకపకా నవ్వింది. వ్యాను కదిలింది. అమ్మ చెయ్యి ఊపింది.

సంచి నాన్న దగ్గరే ఉండిపోయింది. పట్టీ తెగే దశలో ఉన్న పాత తోలు సంచి. ఆయన దాని అంచు ఒకసారి బొటనవేలితో రాశాడు. తర్వాత దాన్ని రెండు చేతుల్తో పొట్టకు ఆనించుకుని, వ్యాను వెళ్లిన వైపు నడవడం మొదలుపెట్టాడు. మేం కాస్త వెనకగా నడిచాం.