నా పొట్ట మీది ఇంటి నంబరు

నేను ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్మును. రెండు వందల లీటర్లు పడతాను. మొదట ఒక రంగుల ఫ్యాక్టరీకి ఘాటైన మందు మోశాను. అది అయిపోయాక నా పైభాగం కోసి, పాత డ్రమ్ముల దుకాణం ముందు ఎండలో పడేశారు. అక్కడి నుంచి బాలమణి నన్ను దొర్లించుకుంటూ సున్నంబట్టి బస్తీకి తెచ్చింది. మూడు రోజులు తోమితే గానీ ఆ వాసన పోలేదు. అప్పటి నుంచి నీళ్లు మోస్తూనే ఉన్నాను. అలిసిపోయావా అని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఆ బస్తీలో కుళాయిలు లేవు. రెండు రోజులకోసారి ట్యాంకర్ వచ్చేది. డ్రమ్ములన్నీ ఒకే రంగు కావడంతో నాదంటే నాదని జుట్లు పట్టుకునేవారు. అందుకని ఎవరి డ్రమ్ము మీద వాళ్లు తెల్ల పెయింటుతో ఇంటి నంబరు రాయించుకునేవారు. తలుపుల మీద లేని నంబర్లు మా పొట్టల మీద ఉండేవి. నాది 7-84. పన్నెండేళ్లు ఆ నంబరుతోనే వరుసలో నిలబడ్డాను.

ఒకరోజు అధికారులు వచ్చారు. గుడిసెలు తీసేస్తే అక్కడే డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు కడతామన్నారు. సగం ఇళ్లు బస్తీవాళ్లకు, సగం బయటివాళ్లకు, లాటరీ తీసి ఇస్తామన్నారు. ఏడాదిలో వచ్చేస్తాం కదా అని అందరూ తలో దిక్కున అద్దెకు పోయారు. ఆ ఏడాది నాలుగేళ్లు నడిచింది. మనుషుల ఏడాదికి ఎన్ని నెలలో నాకిప్పటికీ తెలియదు.

బాలమణి మాత్రం దూరం పోలేదు. రోడ్డు దాటి, ఎదురు వీధిలో ఒక గది తీసుకుంది. కూతురిని బడిలో చేర్చబోతే కొత్త అడ్రసు కాగితం కావాలన్నారు. ఆమె బుద్ధిగా వెళ్లి ఆధార్‌లో అడ్రసు మార్పించుకుంది. బస్తీలో ఇంకెవరూ ఆ పని చేయలేదు, బద్ధకం. ఊరి చివరకు పోయిన మా పక్క గుడిసె ఈదయ్య కూడా పాత కార్డునే జేబులో పెట్టుకు తిరిగాడు.

లాటరీ రోజు ఆఫీసువాళ్లు తిప్పే డబ్బా ఒక్కటే తెచ్చారు. బయటివాళ్ల చీటీలకే అది సరిపోయింది.

"నా డ్రమ్ము తీస్కపోండ్రి సార్, కడిగి తుడిచిస్త" అంది బాలమణి సంబరంగా. తన కొంగుతోనే నా లోపల తుడిచింది. గుమాస్తా నా చుట్టూ మెరిసే కాగితం అతికించి, బస్తీవాళ్ల చీటీలు నాలో వేయమన్నాడు. ఇన్నేళ్లకు నీళ్లు కాని బరువు దక్కిందని పొంగిపోయాను. కాగితం కదా, తేలిగ్గా ఉంది.

బాలమణి వంతు వచ్చింది. గుమాస్తా కార్డు చూశాడు. "మీది బయటివాళ్ల డబ్బా అమ్మా."

"నేను బయటిదాన్నా? ఈడనే పన్నెండేండ్లున్న సార్!"

"కార్డు మీద అడ్రసు వేరే ఉంది."

ఆమె వంగి నా మీది కాగితాన్ని సర్రున చింపింది. "గీ నంబరు చూడున్రి. గిది నా ఇల్లే గదా?"

పెద్ద అధికారి కళ్లజోడు సవరించుకుని 7-84 అని పైకి చదివాడు. పాపం, మంచివాడే. "డ్రమ్ము మీద రాసింది చెల్లదమ్మా" అని మెల్లగా అన్నాడు. గుమాస్తా మళ్లీ కాగితం అతికించాడు. బాలమణి చీటీ బయటివాళ్ల వేలాది చీటీల్లో కలిసిపోయింది.

నాలోంచి ఈదయ్య పేరు వచ్చింది, ఇంకా చాలా పేర్లు వచ్చాయి. ఆవలి డబ్బాలోంచి ఎవరెవరి పేర్లో వచ్చాయి. బాలమణి పేరు రాలేదు. అందరి చీటీలూ మోసి, నన్ను తోమినదాని చీటీ ఒక్కటి మోయలేకపోయాను. సిగ్గేసింది.

కొత్త ఇళ్లలో కుళాయిలున్నాయి. ఈదయ్యవాళ్లు దిగిన వారంలోనే నా తోటి డ్రమ్ములన్నీ పాత సామాన్ల బండి ఎక్కాయి. వాటిని చూసి కుళ్లుకున్నాను. ఇక వాటికి మోసే పని లేదు.

నాకు మాత్రం ఉంది, బాలమణి నన్ను మళ్లీ తన గదికే దొర్లించుకుపోయింది. ఎదురు వీధిలో ఇప్పటికీ ట్యాంకరే. మొన్న కొత్త డ్రైవరు నన్ను చూసి, "గీ గల్లీల ఏడు డ్యాష్ ఎనభై నాలుగు ఏడుందమ్మా?" అని అడిగాడు.

బాలమణి రోడ్డవతలి మేడల వైపు చూడనైనా చూడలేదు. "గిదే మా ఇల్లు" అని, పైపు తీసి నాలో పెట్టింది.