పక్కింటి సీసాలు

మా ఊరి షిప్‌యార్డులో ఎల్డన్ రాడ్కీ నలభై ఏళ్ళు వెల్డింగు పని చేశాడు. మిషిగన్ సరస్సు మీద ఖనిజం మోసే ఓడలు చలికాలం రాగానే మరమ్మతులకని మా రేవుకి చేరతాయి. వాటి పొట్టల్లోకి దూరి, మొహానికి ముసుగు తొడుక్కుని, నిప్పురవ్వల మధ్య బతికిన మనిషి ఆయన. ఆ పనిలో మాటల అవసరం పడదు. అందుకో, పుట్టుకతోనే స్వభావం అదో గాని, ఎల్డన్ నోటినుంచి ఒక మాట రావడం గగనం. భార్య నాడీన్ మూడేళ్ళ కిందట సామాను సర్దుకుని గ్రీన్‌బేలో ఉన్న అక్కగారింటికి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు పోట్లాట ఏమీ జరగలేదు.

"నీ మీద నాకు కోపం లేదు ఎల్డన్. గోడలతో మాట్లాడీ మాట్లాడీ అలిసిపోయానంతే," అంది.

ఎల్డన్ ఆవిడ పెట్టెలు కారు దాకా మోసి పెట్టాడు.

క్రిస్మస్‌కి ముందు ఆయన రిటైరయ్యాడు. యార్డు క్యాంటీన్లో కేకు కోయించి, అందరూ చందాలేసుకుని కొన్న ఒక పెద్ద అట్టపెట్టె చేతిలో పెట్టారు. ఇంట్లోనే లాగర్ బీరు కాచుకోవడానికి కావలసిన సరంజామా అది. మూతున్న ప్లాస్టిక్ బకెట్లు, గొట్టాలు, మొలకెత్తిన బార్లీతో చేసిన మాల్ట్ పాకం డబ్బా, చేదు కోసం వేసే హాప్స్ గుళికల పొట్లం, పులియబెట్టే ఈస్టు, సీసాలకి మూతలు బిగించే చేతిమర, కొత్తవాళ్ళకోసం బొమ్మలు వేసిన చిన్న పుస్తకం.

"ఇంక తెల్లారకముందే లేచే గోల లేదు బాబాయ్," అన్నాడు ఫోర్‌మన్ డువేన్ పేగల్. "ఇంట్లో కూర్చుని తీరిగ్గా బీరు కాచుకో. తయారయ్యాక ఒక్క ఫోను కొట్టు చాలు, బ్యాచ్ మొత్తం నీ ఇంట్లో వాలిపోతాం."

"బాబాయ్ ఫోను చేస్తే మాట్లాడేదెవరు? అటూ ఇటూ మనమే మాట్లాడుకోవాలి," అన్నాడు ఇంకొకడు.

అందరూ నవ్వారు. ఎల్డన్ కూడా నవ్వాడు.

కొత్త సంవత్సరం వచ్చి వెళ్ళింది. పెట్టె వంటింటి బల్ల మీదే ఉండిపోయింది. పొద్దున్నే మెలకువ మాత్రం పాత అలవాటు ప్రకారం వచ్చేసేది. కాఫీ తాగి, వాకిట్లో మంచు తోసి, మళ్ళీ కాఫీ తాగినా ఇంకా పది కూడా అయ్యేది కాదు. అలాంటి ఒక పొద్దున ఆ పెట్టె తెరిచి, పుస్తకంలో రాసినట్టే మొదలుపెట్టాడు. పెద్ద గిన్నెలో నీళ్ళు మరగబెట్టి పాకం కలిపాడు. హాప్స్ వెయ్యగానే గిన్నె పొంగి పొయ్యి మీదంతా ఒలికిపోయింది. ఇల్లంతా కాల్చిన రొట్టె వాసన, పచ్చి ఆకు చేదు వాసన కలిసి కమ్ముకున్నాయి. నాడీన్ వెళ్ళాక ఆ ఇంట్లో వంట వాసన అంత గట్టిగా రావడం అదే మొదలు. గిన్నెని బయట మంచులో పాతి చల్లార్చి, బకెట్లో పోసి, ఈస్టు చల్లి, మూత పెట్టి బేస్‌మెంట్లోకి దించాడు. లాగర్‌కి చల్లదనం కావాలి. మా ఊళ్ళో జనవరిలో దానికి కొదవ లేదు.

మొదట ఏమీ జరగలేదు. మూత మీద నిలబెట్టిన చిన్న గొట్టంలో, బీరు పులిస్తే బుడగలు రావలసిన నీళ్ళు కదలకుండా అలాగే ఉన్నాయి. తన చేతుల్లో ఈస్టు చచ్చిపోయిందనుకున్నాడు. అయినా దిగి చూస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత ఒకనాడు మెట్ల మీద ఉండగానే చప్పుడు వినిపించింది. బుడుక్ మని ఒక బుడగ. కాస్త ఆగి ఇంకొకటి.

ఎల్డన్ పైకి వెళ్ళి కుర్చీ ఒకటి పట్టుకొచ్చి బకెట్ పక్కన వేసుకున్నాడు. మర్నాటి నుంచి కాఫీ అక్కడే. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు మోత, ఆ బుడగల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. బుడగకీ బుడగకీ మధ్య వ్యవధి తగ్గుతుంటే ఎందుకో సంతోషంగా ఉండేది. ఆ సంగతి చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

వారం తిరిగేసరికి బకెట్ నుంచి కుళ్ళిన గుడ్ల కంపు మొదలైంది. పుస్తకం వెనక నంబరు ఉంటే ఫోను చేశాడు. సామాను అమ్మే దుకాణంలో ఆవిడెవరో ఎత్తింది.

"కంపు కొడుతోంది," అన్నాడు ఎల్డన్.

"ఏది సార్?"

"బీరు."

"గుడ్ల కంపా?"

"ఆ."

"అయితే బాగానే ఉన్నట్టు. లాగర్ ఈస్టు అలాగే కంపు కొడుతుందండీ, అదే పోతుంది. మూత తియ్యకండి, కెలక్కండి. అసలు పైకెళ్ళి ఏదన్నా పని చూసుకోండి," అని నవ్వింది. "ఇంకేమన్నా అడగాలా సార్?"

ఇంకేదన్నా అడగాలని ఉంది గాని ఏమీ తట్టలేదు. ఫోను పెట్టేశాడు.

బీరు సీసాల్లో పట్టే రోజు దగ్గరికొచ్చేసరికి అసలు చిక్కు ఎదురైంది. పుస్తకం యాభై సీసాలు కావాలంటోంది. అదీ తిప్పితే వచ్చే మూతలవి కావు, ఓపెనర్‌తో తీసే రకం. ఎల్డన్ తాగేది డబ్బా బీరు, అదీ వారానికి ఒకటో రెండో. కొత్త సీసాలు కొనడానికి మనసొప్పలేదు. అప్పుడు పక్కింటి క్లెమ్ నోవిట్‌స్కీ గుర్తొచ్చాడు. పాల ట్యాంకరు నడిపి రిటైరైన మనిషి, సీసా బీరు తప్ప తాగడని వీధంతా ఎరుగును.

ఈ ఇద్దరికీ ఎనిమిదేళ్ళుగా మాటల్లేవు. కారణం మంచు. ఒక పెద్ద తుఫాను మర్నాడు క్లెమ్ తన వాకిలి శుభ్రంగా చేసుకుని లోపలికి వెళ్ళాడు. ఎల్డన్ మంచు చిమ్మే మెషీను గాలివాటానికి తన వాకిట్లోని మంచునంతా తీసుకెళ్ళి అందులోనే పోసింది. క్లెమ్ దాన్ని పారతో ఎత్తి తిరిగి ఎల్డన్ వాకిట్లో పోశాడు. ఒక్క మాటతో తేలిపోయే గొడవ. ఆ ఒక్క మాటా ఎల్డన్ అనలేదు, క్లెమ్ అడగలేదు. ఆ తర్వాత క్లెమ్ భార్య బెర్నీస్ పోతే ఎల్డన్ చర్చిలో చివరి బల్ల మీద కూర్చుని, ప్రార్థన ముగియగానే ఇంటికొచ్చేశాడు.

ఎల్డన్ వెళ్ళి తలుపు కొడితే క్లెమ్ తీసి ఎగాదిగా చూశాడు.

"ఏంటి, ఇల్లేమన్నా అంటుకుందా?"

"లేదు."

"మరి?"

"సీసాలు కావాలి. ఖాళీవి."

"ఇన్నేళ్ళకి గుమ్మం తొక్కి ఖాళీ సీసాలు అడుగుతున్నావా? నిండువి అడిగినా కాస్త మర్యాదగా ఉండేదయ్యా."

ఎల్డన్ బీరు సంగతి రెండు ముక్కల్లో చెప్పాడు. క్లెమ్ కోటు తగిలించుకుని గరాజు తలుపు ఎత్తాడు. వెనక గోడ పొడవునా అట్టపెట్టెలు, ఒకదాని మీదొకటి నిలువెత్తున. అన్నీ గోధుమరంగు సీసాలే.

"చెత్తబండిలో వేస్తే వీధంతా లెక్కపెట్టుకుంటారని ఇక్కడ దాచాను," అన్నాడు క్లెమ్. "బెర్నీస్ పోయాక నేను కూడబెట్టిన ఆస్తి ఇదే. మొత్తం పట్టుకుపో."

"నీకొద్దా?"

"మానేశాను. నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ మర్నాటి నుంచి ముట్టలేదు."

ఎందుకో కూడా క్లెమే చెప్పాడు. "ఆ మర్నాడు పొద్దున్నే తాగి చెత్త పడెయ్యడానికి వెళ్తూ వెనక మెట్ల మీద జారాను. తుంటి పట్టేసింది. ఎంత ప్రయత్నించినా లేవలేకపోయాను. పైన మంచు పడుతూనే ఉంది. ఉత్తరాలిచ్చే పిల్ల వచ్చి చూడబట్టి బతికాను గాని, ఇంకాసేపైతే ఫ్రీజరులో జింకమాంసంలా బిగుసుకుపోయేవాణ్ణి."

"ఏ మెట్లు?"

"ఎన్ని మెట్లున్నాయి నాకు? అవే."

ఎల్డన్ వంటింటి కిటికీలోంచి చూస్తే సూటిగా కనిపించే మెట్లు అవి. "ఆ రోజు నాకు సెలవు," అన్నాడు నెమ్మదిగా. "ఇంట్లోనే ఉన్నాను. కేకేశావా?"

"వేశాను."

"టీవీ పెట్టుకుని ఉన్నాను."

"తెలుసు. ఆ వెలుగు నాకు కనపడుతూనే ఉంది," అన్నాడు క్లెమ్. ఆ గొంతులో నిష్ఠూరమేమీ లేదు. "పట్టు, ఈ పెట్టె కొస పట్టుకో. అడుగు తడిసినట్టుంది."

ఆ సీసాలు కడగడానికి రెండు రోజులు పట్టింది. ఎల్డన్ పనిగదిలో తొట్టి నిండా వేడినీళ్ళు పోసి, సోడా కలిపి సీసాలు నానేస్తే, క్లెమ్ స్టూలు మీద కూర్చుని లేబుళ్ళు గీకాడు. ఊరికే గీకలేదు. పాల డెయిరీల గురించి, బెర్నీస్ చేసే క్యాబేజీ కూర గురించి, చర్చిలో కొత్తగా వచ్చిన ఫాదరు నత్తి గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. ఎల్డన్ ఊ కొడుతూ వచ్చాడు. మధ్యలో ఒకసారి క్లెమ్ ఆగిపోయాడు.

"నీతో మాట్లాడ్డం బావిలో రాయి వేసినట్టుందయ్యా. మునిగిందో లేదో కూడా తెలీదు."

"వింటున్నాను," అన్నాడు ఎల్డన్.

"వింటున్నావని మధ్యమధ్యలో చెబుతుండాలి. అది నువ్వు చెప్పందే అవతలివాడికి తెలీదు."

పట్టే రోజు కూడా క్లెమ్ వచ్చాడు. ఎల్డన్ సీసాలు నింపి అందిస్తుంటే మూతలు బిగిస్తానన్నాడు. కాని గొట్టంలోంచి బీరు దిగడం మొదలై, ఆ వాసన బేస్‌మెంటంతా పరుచుకున్నాక ఆయన చేతిమర పట్టుకుని లేచాడు. "పైన ఉంటాను," అని మెట్లెక్కి వెళ్ళిపోయాడు. నింపిన సీసాలు ఎల్డన్ ఒక్కడే పైకి మోస్తే, క్లెమ్ వంటింట్లో కిటికీ తెరుచుకుని, తల పక్కకి తిప్పుకుని ఒక్కొక్కదానికే మూత బిగించాడు.

సీసాలు కొన్నాళ్ళు ఇంట్లో వెచ్చగా ఉండాలి, ఆ తర్వాత వరండాలో చలికి ఉండాలి. మార్చి నెలంతా అలాగే గడిచింది. రేవులో మంచు పగిలి, బాగుపడ్డ ఓడలు ఒక్కొక్కటే సరస్సులోకి వెళ్ళిపోయాయి. అప్పుడు ఎల్డన్ డువేన్‌కి ఫోను చేశాడు. చెయ్యడానికి ముందు ఏం చెప్పాలో ఒకసారి అనుకుని మరీ చేశాడు.

"బాబాయ్! నేనే చేద్దామనుకుంటున్నా," అన్నాడు డువేన్. "శనివారమా? వస్తాం వస్తాం. వాళ్ళందరికీ నేను చెప్తాగా."

శనివారం ఎల్డన్ బ్రాట్‌వర్స్ట్ సాసేజీలు ఉల్లిపాయలతో ఉడకబెట్టి నిప్పుల మీద కాల్చాడు. రై రొట్టె, ఆవాల ముద్ద, జున్నుముక్కలు బల్ల మీద సర్దాడు. పొరుగింటి నుంచి క్లెమ్ పంపిన మడత కుర్చీలు కూడా వేశాడు. మూడు దాటింది. నాలుగు దాటాక ఫోను మోగింది.

"బాబాయ్, ఏమనుకోకు. మా వాడి హాకీ టీము ఫైనల్సుకి వెళ్ళింది, ఇవాళే మ్యాచి. మిగతావాళ్ళు కూడా ఏవో ఇంటి పనులంటున్నారు. ఇంకోవారం చూద్దాం. బీరెక్కడికి పోతుందిలే."

"సరే," అన్నాడు ఎల్డన్. సాసేజీల మీద రేకు కప్పి, కుర్చీలు మడవడం మొదలుపెట్టాడు.

సగం మడిచేసరికి క్లెమ్ వచ్చాడు. కార్లేవీ కనపడకపోయేసరికి సంగతి ఆయనకి అర్థమైంది. మడిచిన కుర్చీల్లో ఒకటి మళ్ళీ తెరిచి కూర్చుని, సాసేజీ ఒకటి రొట్టెలో పెట్టుకుని తినడం మొదలుపెట్టాడు.

"ఎలా వచ్చిందసలు?" అన్నాడు.

"ఇంకా తాగలేదు."

"ఇన్నాళ్ళు చాకిరీ చేసి చూసుకోలేదా? తియ్యి."

"నీ ముందు వద్దులే."

"నేను గీకి కడిగిన సీసాలవి. ఎలా ఉందో నాకు తెలియాలి. తాగి చెప్పు."

ఎల్డన్ ఒక సీసా తీసి గ్లాసులో పోశాడు. ఎండుగడ్డి రంగులో తేటగా ఉంది, పైన తెల్లటి నురగ. ఒక గుక్క తాగాడు.

"బాగుంది," అన్నాడు.

"బాగుందంటే నాకేం తెలుస్తుంది? సరిగ్గా చెప్పు."

ఎల్డన్ ఇంకో గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. వెతుక్కుంటూ, ఒక్కో మాటా పైకి తోడినట్టు చెప్పాడు. ముందు నాలిక్కి చల్లదనమే తెలుస్తోందన్నాడు. ఆ వెనక రొట్టె అంచు రుచి, అదీ మాడింది కాదు, ఎర్రగా కాలింది. మింగాక చేదు వస్తోంది గాని కోపంగా లేదు, పచ్చిగడ్డి కొరికినట్టుంది. చివర్న ఏమీ మిగలడం లేదు, నోరు శుభ్రంగా అయిపోతోంది, అందుకే మళ్ళీ తాగాలనిపిస్తోంది. అంతసేపు ఒకే సంగతి గురించి ఎల్డన్ మాట్లాడటం తన ఎరుకలో లేదని క్లెమ్ తర్వాత నాతో అన్నాడు.

క్లెమ్ గ్లాసు వంక చూస్తూ విన్నాడు. తింటున్న రొట్టె బల్ల మీద పెట్టేశాడు. "చాలు," అని లేచి నిలబడ్డాడు. "మంచి బీరు కాచావు. నేను వెళ్తాను, వెళ్ళాలి."

ఆ తర్వాత క్లెమ్ బయట కనపడలేదు. మర్నాడూ కనపడలేదు, ఆ మర్నాడూ కనపడలేదు. వంటింటి కిటికీలోంచి మెట్ల వైపు ఎల్డన్ ఎన్నిసార్లు చూశాడో చెప్పలేను. చివరికి వెళ్ళి తలుపు కొట్టాడు. క్లెమ్ తీశాడు. గడ్డం గీసుకోలేదు గాని మనిషి తిన్నగానే ఉన్నాడు.

"శనివారం నీ ఇంట్లోంచి తిన్నగా వీధి మూలనున్న బారుకి నడిచాను," అన్నాడు. "తలుపు పిడి పట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపో తెలీదు. ఎవరో లోపల్నుంచి తలుపు తోస్తే పక్కకి తప్పుకుని ఇంటికొచ్చేశాను."

"నా వల్లే," అన్నాడు ఎల్డన్.

"నీ వల్ల కాదు. చెప్పమన్నది నేను."

"నేను చెప్పకూడదు."

"బాగా చెప్పావయ్యా. అదే వచ్చిన తంటా."

ఎల్డన్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "మళ్ళీ పడితే గట్టిగా కేకెయ్యి," అన్నాడు. "టీవీ పగలు పెట్టడం లేదు." అది అనడానికే వచ్చాడేమో, అనేసి టోపీ సర్దుకున్నాడు.

ఆ సాయంత్రమే సీసాలన్నీ ట్రక్కులో పెట్టుకుని యార్డు గేటు దగ్గరికి వెళ్ళాడు. షిఫ్టు దిగి వస్తున్న డువేన్‌కి అప్పగించాడు. డువేన్ సిగ్గుపడి, ఆగు బాబాయ్, అందరం ఇక్కడే తలా ఒకటి తాగుదామన్నాడు. ఎల్డన్ తల అడ్డంగా ఊపి ట్రక్కెక్కాడు. అద్దంలో చూస్తే వాళ్ళు పెట్టెల చుట్టూ చేరి, నవ్వుతూ మూతలు తీస్తున్నారు. బీరు చాలా బాగుందని డువేన్ మెసేజి పంపాడు. తర్వాత ఫోను మోగలేదు.

బకెట్లు కడిగి అట్టపెట్టెలో పెట్టి, ఆ పెట్టెని చర్చివాళ్ళ పాతసామాన్ల అమ్మకానికి ఇచ్చేశాడు. ఇప్పుడు బుధవారాల్లో క్లెమ్ ఇంటికి వెళ్ళి పేకాడతాడు, కాఫీ తాగుతాడు, మధ్యమధ్యలో "వింటున్నాను" అంటాడు. బేస్‌మెంట్లో ఆ కుర్చీ ఇంకా అక్కడే ఉంది. మిగిలిన రోజుల్లో ఒక్కోసారి దాన్లో కూర్చుని ఫర్నేసు మోత వింటాడు. అది తప్ప అక్కడ ఇంకే చప్పుడూ లేదు.