పూర్తిపాఠం గారి ‘ను’

చెప్పు విడిచి, కుడికాలి బొటనవేలు పెడల్ మీద ఆనించి, ఆయన ఇయర్‌ఫోన్లు సర్దుకున్నాడు. వేలు నొక్కితే గొంతు పలుకుతుంది, ఎత్తితే ఆగుతుంది. రికార్డు చేసిన మాటల్ని విని టైపు చేయడం ఆయన పని. కోర్టు వాంగ్మూలాలు, డాక్టర్ల రిపోర్టులు, కంపెనీ మీటింగులు, అన్నీ ఇంగ్లీషులోనే. మాట్లాడేవాళ్ళు మాటల్ని నమిలేస్తారు. ‘గోయింగ్ టు’ నలిగి ‘గోనా’ అవుతుంది, ‘వాంట్ టు’ ‘వానా’, ‘లెట్ మీ’ ‘లెమ్మీ’. వాటిని విప్పి, ఉతికి, ఇస్త్రీ చేసి కాగితం మీద పెట్టాలని ఆఫీసు నియమం.

కొత్తలో ‘వానా’ అని వినబడితే ఆయన కిటికీలోంచి ఆకాశం చూశాడు. ఆ సంగతి విని, “గోనె, వాన, లెమ్ము! అది ఆఫీసా, వ్యవసాయమా?” అని భార్య పడీపడీ నవ్వింది.

విప్పి విప్పి ఆయనకు అదే స్వభావమైపోయింది. ఇంట్లోనూ ‘వెళ్ళొస్తా’ అనడు. ఆఫీసులో ఆయన పేరే పూర్తిపాఠం గారు. ఈ పొద్దున గుమ్మంలో నిలబడి, “నేను వెళ్ళి వస్తాను,” అన్నాడు.

“నాతో కూడా వాంగ్మూలమేనా? ఒక్కసారి ఆ ‘ను’ మింగి చూడండి. అరక్కపోతే నేను లేనూ?” అంది ఆవిడ.

ఆవిడ నోరు నవ్వింది గాని కళ్ళు నవ్వలేదని మెట్లు దిగుతుంటే తోచింది. ఆయనకు ఆవిడ మీద ప్రేమ లేక కాదు. సగం మాటలో మనిషి బయటపడిపోతాడని లోపలెక్కడో బెదురు.

పెడల్ నొక్కాడు. ముసలి గొంతు, మధ్యమధ్య ఆయాసం. ఆ మనిషి పోయి నెల కాలేదు. చెయ్యి పడిపోయి రాయలేక, చెవులు వినబడని కూతురికోసం ఇలా మాట్లాడి పెట్టాడు. నిన్న ఆ అమ్మాయే వచ్చి ఈ రికార్డింగు ఇచ్చింది.

“బడిలో నాకు ఇంగ్లీషొక్కటే నేర్పారండీ,” అని ఇంగ్లీషులోనే అంది, ఆయన పెదాల మీంచి చూపు తిప్పకుండా. “నాన్న నోరు చూసే నాన్నని విన్నాను. ఆయన ఎలా అన్నారో అలాగే కొట్టండి.”

పూర్తిపాఠం గారు మాత్రం అలవాటుగా ‘గోయింగ్ టు’ కొట్టాడు. చదువుకుంటే ఎవరో పెద్దమనిషి రాసిన సంతాపసందేశంలా ఉంది. కంప్యూటర్ తెర మూలన తన నీడ కనబడింది. దాన్ని చూస్తూ చప్పుడు లేకుండా ‘గోయింగ్ టు’ అన్నాడు, తర్వాత ‘గోనా’ అన్నాడు. రెండు వేర్వేరు నోళ్ళు. మొదటిది ఆ అమ్మాయి ఎన్నడూ చూడని నోరు.

చెరిపేశాడు. ఎడమ భుజం లాగుతుంటే ఆగి ఆగి, మళ్ళీ మొదటినుంచి కొట్టాడు.

సూపర్‌వైజరమ్మ కాగితం చూసి కళ్ళద్దాలు పైకి తోసింది. “ఏంటండీ పూర్తిపాఠం గారూ, ఇవాళ ఇస్త్రీపెట్టె చెడిపోయిందా?”

“కోర్టుకైతే విప్పాలమ్మా. దొరగారికి రాసే ఉత్తరమైనా విప్పాలి. ఇది తండ్రి కూతురితో అన్న మాట. విప్పితే ఆయన ఉండడు.”

ఆవిడ కలం తీసింది. “తప్పని పైవాళ్ళంటే మీదే పూచీ,” అని సంతకం పెట్టేసింది.

సాయంత్రం అమ్మాయి వచ్చింది. నిలబడే చదివింది. చదువుతుంటే ఆమె పెదాలు కదిలాయి. ఒకచోట అవి గుండ్రంగా ముడుచుకుని, వెంటనే మెత్తగా విడిపోయాయి. గోనా. అక్కడే ఆగి మళ్ళీ అంది. ఇంకోసారి అంది. ఆమె ముఖంలో ఇంకెవరో వచ్చి కూర్చున్నట్టుంది. వెళ్తూ ఆయన చెయ్యి పట్టుకుంది.

అందరూ వెళ్ళాక ఇంటికి ఫోన్ చేశాడు.

“బయల్దేరుతున్నా.”

“ఎవరండీ మాట్లాడేది?”

“నేనే. వచ్చేస్తున్నా.”

“అయ్యో, ‘ను’ ఎక్కడ పారేసుకున్నారు?”

“ఆఫీసులోనే వదిలేశా.”

ఆవిడ నవ్వింది. ఈసారి కళ్ళు కూడా నవ్వి ఉంటాయని ఆయనకు తెలిసింది. ఇంత తేలికా, ఇన్నేళ్ళూ దేనికి భయపడ్డాను అనుకున్నాడు.

“సరే మరి,” అన్నాడు. “ఉంటా.”

ఫోన్ పెట్టి, చెప్పులకోసం వంగాడు. ఇక లేవలేదు.

తలుపులు వెయ్యడానికొచ్చిన వాచ్‌మన్, ఏదో వెతుక్కుంటున్నారనుకుని కాసేపు గుమ్మంలోనే ఆగాడట.

బల్లకింద పెడల్ అలాగే ఉంది. నల్లటి రబ్బరు మీద, అరిగి అరిగి నునుపు తేలిన చోట, బొటనవేలంత గుంట.