కుడిచేతి కరెంటు పెట్టె

నేను ఒక చిన్న పెట్టెను, నాయనా. టిఫిన్ డబ్బా అంత ఉంటాను, నెత్తిన ఒక పిడి. నాలుగు తీగలు, వాటి చివర నాలుగు జిగురు బిళ్ళలు, ముందొక మీట. పక్షవాతంతో పడిపోయిన చేతికి ఆ బిళ్ళలు అతికించి మీట తిప్పితే సన్నటి కరెంటు నరంలోకి పాకి, మణికట్టు పైకి లేస్తుంది. చూసినవాళ్ళు నోరు తెరుస్తారు. చేతినే చూస్తారులే, నన్నెవరు చూస్తారు?

నన్ను బిగించింది ఎక్కడో పట్నంలో, పొడుగు బల్ల ముందు కూర్చున్న ఆడపిల్లలు. నా మూత బిగించిన పిల్ల ఆరోజు పంటినొప్పితో చెంప పట్టుకుని ఉంది. ఎందుకు గుర్తుందంటావా? నాకన్నీ గుర్తుంటాయి, అదే నా జబ్బు.

అక్కణ్ణుంచి గోదావరి పక్క ఊళ్ళో ఎస్తేరు డాక్టరమ్మ ఫిజియోథెరపీ గదికి చేరాను. ఆవిడ నన్ను ఇంటికి ఆరు వారాల చొప్పున వాడుకోమని ఇచ్చేది. బాగుపడినవాళ్ళు "మళ్ళీ దీని మొహం చూపించకు స్వామీ" అని దణ్ణం పెట్టేవారు. బాగుపడనివాళ్ళు అదే మాట తిట్టి చెప్పేవారు. ఆరు వారాలు ఒంటిని అంటుకుని ఉండి కూడా, పోయేటప్పుడు "వెళ్ళిరా" అనిపించుకోని చుట్టాన్ని నేనొక్కదాన్నే.

అలా వెళ్ళిన ఇళ్ళలో గంగాభవాని ఇల్లొకటి. పూతరేకులు తీసే మనిషి. బోర్లించిన కుండ కింద మంట, పక్కన పిండినీళ్ళు. ముంచిన గుడ్డ రెండు కొసలూ రెండు చేతులతో పట్టి కుండ మీద ఒక్క లాగు లాగితే కాగితంకన్నా పల్చని రేకు వస్తుంది. ఒక చెయ్యి వెనకబడిందా, చిరిగిపోతుంది. ఆమెకు కుడిచెయ్యే పడిపోయింది. తోడికోడలు నూకరత్నం రెండో కొస పట్టుకుంది గానీ ఇద్దరి లాగుడూ కలవలేదు. పొద్దున్నంతా చిరుగులే.

"నా చెయ్యి నాకు రావాలక్కా. కుండ కాడ కూర్చోకపోతే ఇంక నేనెందుకు?" అంది గంగాభవాని.

నూకరత్నానికి ఆమె అంటే ప్రాణం. రోజూ గోరువెచ్చటి నువ్వులనూనె ఆ చేతికి పట్టించి, ఆపైన నా బిళ్ళలు అంటించేది. నూనె మీద జిగురు నిలుస్తుందా? నా కరెంటంతా ఆ ప్రేమ దగ్గరే ఆగిపోయేది.

"ఇదేం మిషనే, చీమ కుట్టినట్టు కూడా లేదంటున్నావు!"

"గట్టిగా తిప్పక్కా."

తిప్పింది. సగం ఊడిన బిళ్ళ అంచు చురుక్కుమంది.

"అమ్మో, కరిచిందే!"

నేను కరవలేదు నాయనా. నూనె తుడవండని చెప్పడానికి నాకు నోరేదీ? నాలుగు రోజులు నన్ను గూట్లోకి నెట్టేశారు. ఎస్తేరు వచ్చి చెయ్యి పట్టుకు చూసింది.

"ఏంటండీ ఇంత నూనె? గారెలు వేయిద్దామనా?"

"రాయకపోతే ఎలాగండీ, పడిపోయిన చెయ్యి కదండీ!" అంది నూకరత్నం.

"సాయంత్రం రాయండి. మిషను పెట్టేముందు సబ్బుతో కడిగి తుడవండి. గంగాభవానిగారూ, అదే లేపుతుందిలే అని మీరు చూస్తూ కూర్చోకూడదు. అది లేపినప్పుడల్లా మీరూ లేపాలి."

ఆ తర్వాత నేనూ లేపాను, ఆమె కూడా లేపింది. చాలా రోజులు బరువంతా నాదే. ఒకనాడు నా కరెంటు వెళ్ళకముందే అటువైపు నుంచి చిన్న కదలిక వచ్చింది, మూసిన గదిలోంచి ఎవరో తలుపు తట్టినట్టు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక ఈ ఇంట్లో ఎక్కువ రోజులుండనని కూడా అప్పుడే తెలిసింది.

గడువు తీరిన రోజు పొద్దున్నే ఆమె కుండ ముందు కూర్చుంది. నిప్పూ నీళ్ళూ ఉన్నచోట నన్ను పెట్టకూడదు, కాబట్టి గూట్లోంచే చూశాను. మొదటి రేకు చిరిగింది. రెండోది ముద్దయింది. మూడోది వచ్చింది, ఒళ్ళంతా చిల్లులతో.

"దోమతెర నేశావే!" అంది నూకరత్నం, కళ్ళు తుడుచుకుంటూ.

"మిషను నేనే ఇచ్చొస్తానక్కా. ఈ చేత్తోనే పట్టుకెళ్తాను."

"పడేస్తావే!"

"పడేస్తే పడేశాను."

బస్సులో నన్ను ఒళ్ళో పెట్టుకుంది. బస్టాండులో దిగి నా పిడి కుడిచేత్తో పట్టుకుంది. పళ్ళకొట్లు, మందుల షాపు, మెకానిక్కు షెడ్డు దాటాం. రెండుసార్లు వేళ్ళు జారబోయి మళ్ళీ బిగుసుకున్నాయి. ఎస్తేరు గది ముందు, ఆఖరి మెట్టు మీద, ఆ వేళ్ళు విచ్చుకున్నాయి. నేను కింద మెట్టు దాకా దొర్లాను. మూత పగిలింది, మీట ఊడి ఎటో పోయింది.

"పడేశానండీ!" అని గంగాభవాని గొల్లుమంది.

పరుగెత్తుకొచ్చిన ఎస్తేరు నావైపు చూడలేదు. ఆ చెయ్యి అందుకుంది.

"ఎక్కడ్నుంచి పట్టుకొచ్చారు?"

"బస్టాండు కాడ్నించండి."

"చెయ్యి మార్చకుండానా?"

"మార్చలేదండి."

"అంత దూరమా!" అంది ఎస్తేరు. ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని నవ్వుతూ లోపలికి వెళ్ళిపోయారు. నేను చాలాసేపు మెట్టు మీదే ఉన్నాను.

ఇప్పుడు విరిగిన కుర్చీల కింద, చీకటి కొట్లో ఉన్నాను. నన్ను బాగుచేయడం కుదరదన్నారు. గంగాభవాని మళ్ళీ రాలేదు. రాకూడదు కూడా. ఎన్నో చేతుల్ని లేపాను గానీ, నన్ను పట్టుకుని నడిచిన చెయ్యి అదొక్కటే. జారబోయి బిగుసుకున్న ఆ రెండుసార్లూ నా పిడికి ఇంకా తెలుస్తూనే ఉన్నాయి.