వదిన వేసిన ముడి

తొట్టిని మోసుకుంటూ గట్టు దిగేసరికి ఆమె నడుం పట్టేసింది. దుంపల్ని పిండి చేసే ఫ్యాక్టరీ వెనక, పిండి కడిగిన నీళ్లన్నీ వచ్చి చేరే పెద్ద గుంట అది. కొత్తవాళ్లు ముక్కు మూసుకోకుండా అటు రాలేరు. ఆమెకు వాసన తెలియడం మానేసి చాలా ఏళ్లయింది. కూర మాడినా పసిగట్టలేవని మొగుడు దెప్పుతుంటాడు, ఆమె పట్టించుకోదు.

కుళ్లిన పిండిలోంచి మీథేన్ బుడగలు లేస్తాయి. తొట్టిని నీళ్ల మీద బోర్లిస్తే ఆ వాయువు అందులో చేరుతుంది. దాన్ని పైనున్న గొట్టంలోంచి సిరంజితో లాగి, గాజు సీసాల్లోకి ఎక్కించి ల్యాబుకు పంపాలి. అందుకే ఫ్యాక్టరీలో అందరికీ ఆమె బుడగలమ్మ.

కొండల అవతలి ప్రాంతంలోనూ ఇలాంటి ఫ్యాక్టరీ ఉంది. ఏ వైపు ఎంత వాయువు పోతోంది, ఏటికేడు పెరుగుతోందా తగ్గుతోందా అని రెండింటినీ పోల్చి చూస్తారు. ఎండను బట్టి బుడగలు మారతాయి కనుక రెండు చోట్లా ఒకే వేళకు తొట్టి వేయాలి. అందుకని నెలకోసారి ఫోను. అవతల తొట్టి వేసే మనిషిని ఆమె ఒక్కసారీ చూడలేదు. మొదట్లో అండీ అండీ అనుకునేవారు, ఎప్పుడో తెలియకుండానే వదినలైపోయారు. తొట్టిలో వాయువు చేరేదాకా మోకాళ్ల నొప్పుల నుంచి మొగుళ్ల గురక దాకా అన్నీ మాట్లాడుకునేవారు.

ఒకప్పుడు రెండు వైపుల లెక్కల్లో తేడా మరీ ఎక్కువగా వచ్చింది. లోపం తొట్టిలో ఉందేమోనని ఇంజనీరు ఒకరి తొట్టి ఒకరికి మార్పించాడు. తేడా నీళ్లలోనే ఉందని తేలింది గాని, తొట్లను మళ్లీ ఎవరూ మార్చలేదు. అలా వదిన తొట్టి, అది కొట్టుకుపోకుండా గట్టుకు కట్టేందుకు దాని చెవికి వదిన వేసిన నీలి తాడు ముడీ ఆమె దగ్గరే ఉండిపోయాయి. ఎంత గాలి కొట్టినా ఆ ముడి జారి ఎరగదు.

ఇక్కడి పక్క గుంటకు వాయువు బయటికి పోకుండా కప్పు వేశాక ఇంజనీరు గోడ మీది పటంలో ఇటువైపు గీత దిగుతూ వచ్చింది. అటుది దిగనంది.

"మా గీత చూడు, తలెత్తుకుని ఉంది" అనేది వదిన.

"నీ గుంటకు సిగ్గుంటే కదా" అనేది ఈమె.

ఈ మధ్య తాడు పీచులు లేచింది. ఈమె కొత్త తాడు కొంది గాని ఆ ముడి వేయడం చేతకాలేదు. పోయిన నెల వదిన ఫోనులోనే నేర్పబోయింది, రెండు చేతులా తాడు పట్టుకోమంది.

"మరి ఫోను ఎవరు పట్టుకుంటారు, మీ అన్నయ్యా?"

వదిన నవ్వీ నవ్వీ, వచ్చే నెల కొలత కాగానే తనే వచ్చి చూపిస్తానంది. ఆమె వస్తుందని ఈమె మంచాల కింద కూడా ఊడ్చి పెట్టుకుంది.

ఇవాళ ఫోను చేస్తే మగగొంతు పలికింది.

"అత్తయ్యా, నేను మీ వదిన కొడుకుని. అమ్మ పోయింది. మొన్న, నిద్రలోనే. మీ ఇంటికొస్తానని సంచి కూడా సర్దుకుంది."

బాధపడిందా అని మాత్రం అడిగింది ఈమె. లేదన్నాడు.

కాసేపటికి ఇంజనీరు వచ్చాడు. అవతలి సీసాలు రావని, పోల్చడానికి ఏమీ ఉండదని, ఈ నెలకు వదిలేయమని అన్నాడు.

"వేళయింది సార్, వేసేస్తాను" అంది ఆమె.

కొత్త తాడు తీసింది. పాతది విప్పుదామని కత్తి మొన ముడి కిందికి దూర్చి, మనసొప్పక వెనక్కి తీసింది. పీచులు లేచినంతా కోసేసి, జానెడు మిగిల్చి, దాని కొసకు కొత్త తాడు తగిలించి, తనకు వచ్చిన ముడే ఒకదాని మీద ఒకటి వేసింది. తొట్టిని నీళ్ల మీదికి తోసి గట్టున కూర్చుంది. మాట్లాడే మనిషి లేక చాలాసేపు ఫోనును ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.

తొట్టి మెల్లగా ఇటు తిరిగింది. దాని చెవికి జానెడు నీలి తాడు, జారని ముడితో.