అరుపుల పీరియడ్

చెప్పులు చేత్తో పట్టుకుని గడప దాటింది జహీరా. వాకిట్లోకి వచ్చాకే వాటిని కాళ్లకు తొడుక్కుంది. లోపల అస్గర్ రాత్రి షిఫ్టు చేసి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎంత కడిగినా పోని బొగ్గు కంటి రెప్పల అంచున మిగిలిపోయి, కాటుక పెట్టుకున్న పెళ్లికొడుకులా ఉన్నాడు. పెళ్లయిన నాటి నుంచీ ఆమెకిదే అలవాటు. గిన్నె మీద గిన్నె పెట్టకూడదు. దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకోవాలి. పక్కింటి లస్మవ్వతో ముచ్చట పెట్టాలంటే చేతులతోనే. గోదావరిఖనిలో ఆ క్వార్టర్ల వరుసంతా అంతే. ఇంటికొక్క గది, అందులో పగలు నిద్రపోయే మగమనిషి.

వీధి మలుపు తిరగ్గానే ఆమె నడక పరుగైంది. ఇవాళ ఆమె తరగతిలో చదివే ఎదురింటి లింగవ్వ బడికి వచ్చే ఆఖరి రోజు. ఆ పిల్ల గొంతు ఒక్కసారైనా వినకుండా ఎలా పంపించడం?

అది అరవై ఎనిమిదో సంవత్సరం. బడులు తెరిచాక మూడో తరగతి చేతికొచ్చిన రోజే జహీరాకు సంగతి తెలిసింది. పాఠం చదవమంటే పిల్లల పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం రావడం లేదు. ఏడ్చినా చప్పుడు లేదు. ఆఖరికి గిచ్చుకోవడం కూడా గుట్టుగానే. ఇంట్లో అణచుకున్న గొంతును బడిలో ఎలా విప్పాలో పాపం వాళ్లకు తెలియదు. ఆమెకు మాత్రం ఏం తెలుసు? అయినా ఒక ఉపాయం పన్నింది. మధ్యాహ్నం గంటకు ముందు పిల్లల్ని బడి వెనకాల ఇసుకగుట్ట దగ్గరికి తోలుకుపోయేది. బొగ్గు తీసిన చోట గనిలో నింపడానికి కంపెనీవాళ్లు గోదారి నుంచి తెచ్చి పోసిన ఇసుక అది. అక్కడ ఎవరికి తోచింది వాళ్లు అరవచ్చు. హెడ్మాస్టరు ఆగయ్య సారు మొదట్లో నెత్తి పట్టుకున్నాడు. కొన్నాళ్లకు ఆ తరగతి చదువు తన గది దాకా వినబడేసరికి ఇక నోరెత్తలేదు.

ఎటొచ్చీ లింగవ్వ ఒక్కతే అరవదు. బక్కపలచని పిల్ల, ఇసుకలో కూర్చుని పళ్లు బిగించి అందరినీ చూస్తుంటుంది. బతిమాలగా బతిమాలగా ఒకరోజు టీచరు చెవిలో అసలు సంగతి చెప్పింది. పగలు నాయిన నిద్ర చెడితే రాత్రి గనిలో కన్ను మూతపడుతుందట, పైకప్పు కూలేది చూసుకోలేడట. అమ్మ చెప్పింది. మీ ఇల్లెక్కడ, ఈ గుట్టెక్కడ, వినబడదే పిచ్చిపిల్లా అంటే తల అడ్డంగా ఊపింది. తండ్రి ప్రాణం తన గొంతులోనే ఉందని నమ్మిన పిల్లకు ఏం చెప్పగలం? ఇప్పుడా తండ్రి మొగిలికి కొత్తగూడెం బదిలీ అయింది. సాయంత్రానికి లారీ. ఇలాగే పోతే ఈ పిల్ల జన్మంతా మూగదానిలా బతుకుతుందేమోనని జహీరా భయం.

మధ్యాహ్నం గంటకు ముందు ఆమె గుట్ట చేరేలోపే పిల్లలు మొదలుపెట్టేశారు. ఎల్లన్న బెల్లంపల్లి రైలు కూత కూస్తున్నాడు. ఇంకొకడు మిర్చిబజ్జీలు అమ్ముతున్నాడు. ఒక పిల్ల మేనత్తను కడుపారా తిట్టుకుంటోంది. ఆ గోలలోకి కూతురి టీసీ కోసం మొగిలి వచ్చాడు. రాత్రంతా గనిలో, పొద్దుట్నుంచీ సామాను సర్దడంలో గడిపిన ఎర్రటి కళ్లతో గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాడు.

మర్యాదగా చెబుదామనుకున్న మాటలన్నీ జహీరాకు ఎటో పోయాయి.

“మొగిలన్నా, నీ బిడ్డ గొంతు నువ్వెప్పుడన్న ఇన్నవా?”

తన బిడ్డ పుట్టుకతోనే నెమ్మదస్తురాలని అతను నవ్వాడు. జహీరా ఉన్నదున్నట్టు చెప్పేసింది. అతని నవ్వు ఆగిపోయింది. వెళ్లి కూతురి ముందు ఇసుకలో చతికిలబడ్డాడు.

“బిడ్డా, కింద చీకట్ల మేం ఒగలకొగలం ఒర్రుకుంటనే పని చేస్తం. ఒర్రుడు ఇనపడ్డదంటే మనిషి మంచిగున్నడన్నట్టు. సప్పుడు లేకుంటనే మాకు భయం,” అన్నాడు. “నేను గుట్ట అవతలికి పోత. నువ్వు పిలిస్తెనే వస్త.”

అతను కనుమరుగయ్యాడు. పిల్లలంతా గప్‌చుప్. లింగవ్వ నోరు తెరిచింది, మూసింది. మెడ నరాలు ఉబ్బాయి, గాలే తప్ప ఇంకేం రాలేదు. మళ్లీ తెరిచింది. ఈసారి గీరుకుపోయిన సన్నటి శబ్దమొకటి వచ్చింది. అవతలి నుంచి ‘ఓ బిడ్డా’ అని జవాబు. పిల్ల కళ్లు ఇంతింతలయ్యాయి. అంతే, ‘నాయినా’ అని ఒక్క కేక పెట్టింది, బడి కప్పు మీది కాకులు లేచిపోయాయి. అబ్బ, ఏం గొంతు! ఎల్లన్న రైలు దాని ముందు దిగదుడుపే. మళ్లీ కేక, మళ్లీ జవాబు. పిలిస్తే వస్తానన్న మనిషి రావడమే మరిచిపోయి అవతలే నిలబడి పలుకుతున్నాడు. పిల్లలు ఇసుక ఎగజిమ్ముతూ గంతులేశారు.

“టీచర్, ఇయ్యాల మీరు సుత ఒర్రాలె,” అంటూ ఎల్లన్న ఆమె చెయ్యి పట్టుకుని గుంజాడు.

ఇన్నాళ్లూ పిల్లల చేత అరిపించిందే గాని తనెన్నడూ అరవలేదు. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియని మొహంతో నోరు తెరిచింది. వచ్చిందేమిటయ్యా అంటే, నలుగురిలో ఎన్నడూ పలకని మొగుడి పేరు. ‘అస్గర్’ అని గుట్ట దద్దరిల్లింది. పిల్లలు పొట్టలు పట్టుకుని పొర్లారు. ఆమె సిగ్గుతో కొంగు నెత్తిమీదికి లాక్కుని, ఇంకోసారి మరింత గట్టిగా అరిచింది. ఎంత హాయిగా ఉందో! పెళ్లినాటి నుంచి రొమ్ములో అడ్డంపడి ఉన్నదేదో తొలగిపోయినట్టయింది.

బడి వదిలి ఆమె ఇల్లు చేరేసరికి లింగవ్వ వాళ్ల లారీ కదులుతోంది. మంచం, ట్రంకుపెట్టె, కోళ్లగంప, వాటన్నిటి మీద లింగవ్వ.

“టీచర్, పోయొస్త!”

వరుసంతా మారుమోగింది. తలుపులు తెరుచుకున్నాయి. నిద్రమొహాలతో మగవాళ్లు బయటికొచ్చారు, అస్గర్ కూడా. కసరకుండా లారీ వైపే చూశారు. జహీరా చెయ్యి ఊపుతూనే ఉంది. బజారు మలుపు తిరిగాక కూడా ఆ గొంతు కాసేపు వినబడి, తర్వాత ఆగిపోయింది.

ఎదురుగా ఖాళీ అయిన ఇంటి తలుపు గాలికి కొట్టుకుంటోంది. దాని గొలుసు చెక్కకు తగులుతున్నా చప్పుడు రావడం లేదు. గొలుసు పొడవునా లింగవ్వ ముడి మీద ముడి వేసి చుట్టిన ఓ పాత చీరపేలిక, ఆ చిన్న చేతులు పట్టీ పట్టీ నల్లబడి, అలాగే ఉండిపోయింది.